రెండో రకం

ఈ ఎడారిలో దారి లేదు. డ్రైవరు మావ్‌జీ
అద్దం కోసం చూస్తాడు.
ఎక్కడో ఒక గుడిసె ముందు ఎవరో పిల్ల
అరచేతి అద్దాన్ని ఎండకి తిప్పుతుంది.
ఆ తళుకు పట్టుకుని మా బస్సు
కచ్ చిన్న రణ్ మీద, పగుళ్ళ మీద, వంకరగా పోతుంది.

బస్సు మీద రాసి ఉంది: ఉచిత నేత్ర శిబిరం.
చదవగలిగినవాళ్ళకి అవసరం లేదు,
అవసరమైనవాళ్ళకి కనబడదు.
హారను కొడతాం.

వస్తారు. ఉప్పు మడుల్లోంచి
మోకాళ్ళదాకా తెల్లబడ్డ కాళ్ళతో వస్తారు,
మోటారుసైకిలు మీద ముగ్గురేసి వస్తారు,
నీళ్ళ ట్యాంకరనుకుని బిందెతో ఒకావిడ వస్తుంది.
ఎలాగూ వచ్చింది గనక
బిందె పక్కన పెట్టి వరసలో నిలబడుతుంది.

నా పని చిన్నది. పేరు రాయడం,
వేళ్ళు చూపించి ఎన్నని అడగడం,
కోయాల్సిన కంటికి పైన, కనుబొమ మీద
ప్లాస్టరు ముక్క అంటించడం.

జుసబ్‌కి కళ్ళు బాగానే ఉన్నాయి. నల్లద్దాలు కావాలి.
పెళ్ళికా అంటే నవ్వాడు.
మధ్యాహ్నం మడివైపు చూస్తే
వెల్డింగు చూసినట్టుంటుందట.
ఇచ్చాను.

హమీర్‌కి ఇవ్వడానికేం లేదు.
నీటికాసులు. పేరు పెట్టినవాడెవడో గాని,
చిరుగు జేబులో కాసుల్లాగే
చప్పుడు లేకుండా జారిపోయింది చూపు, అంచుల నుంచి.
డాక్టరమ్మ చెప్తుంటే
"ఇంకోసారి లైటు వెయ్యండి" అన్నాడు.
వేసింది. మళ్ళీ వేసింది.
అతని పేరుకెదురుగా ఏం రాయాలని అడిగాను.
ఎవరూ చెప్పలేదు.

తర్వాత రళియాత్‌బెన్.
"ఎన్ని వేళ్ళు?"
"నీ వేళ్ళు నువ్వే లెక్కపెట్టుకో" అంది.
రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముదిరి, పాలరాయిలా.
శుక్లమంటే తెలుపే కదా.
తెల్లటి నేలమీద తెల్లటి ఉప్పులో
తెల్లటి తెర వేసుకుని మూడు సీజన్లు
దంతె లాగింది.
"గింజ కట్టిందీ లేనిదీ అరికాలు చెప్తుంది.
కంటితో ఏం పని?"

ఆపరేషనుకి పాటడీ వెళ్ళాలి.
ఆ తర్వాత కొన్నాళ్ళు కంటికి ఉప్పునీరు తగలకూడదు.
"కొన్నాళ్ళా! రోజూ కదపకపోతే మడి బండకడుతుంది.
మీ డాక్టరమ్మ వచ్చి లాగుతుందా దంతె?"

ప్లాస్టరు ముక్క నా వేలికే అంటుకుని ఉంది.

వెనకనుంచి బిందె ఆవిడ, జమకు:
"నేను లాగుతా. ట్యాంకరొస్తే నీ వాటాలో రెండు బిందెలు నావి."
"ఒకటి."
"ఒకటిన్నర."
బేరం చెడకముందే అంటించేశాను.

కట్టు విప్పినరోజు ఆవిడ ఏడుస్తుందని
ఫొటో తీసే అబ్బాయి కాచుకుని ఉన్నాడు.
ఆవిడ డాక్టరమ్మని ఎగాదిగా చూసి,
"ఇంత చిన్నపిల్లవా!
తెలిసుంటే కంట్లో చెయ్యి పెట్టనిచ్చేదాన్నా?" అంది.

నెల తర్వాత చుక్కల మందుతో మళ్ళీ బస్సు.
ఆవిడ గుడిసె ముందు లారీ ఆగి ఉంది.
ఏటా వ్యాపారి మనిషి గుప్పెడు తీసి,
పెదవి విరిచి,
"మసక. రెండో రకం" అనేవాడట.
మసక ఉప్పులోనో తన కంట్లోనో తేలక
వేలిముద్ర వేసేదట.

ఈసారి ఒక గింజ, రేగిపండంతది,
రెండు వేళ్ళ మధ్య పట్టి ఎండకెత్తింది.
కొత్త కన్ను మూసి పాతదానితో చూసింది.
పాత కన్ను మూసి కొత్తదానితో చూసింది.
చాలాసేపు చూసింది.
తర్వాత దాన్ని ఆ మనిషి ముక్కు కింద పెట్టి అడిగింది:
"ఇదేం రంగు?"

అతను లారీ చక్రాలవైపు చూశాడు.

"చెప్పు నాయనా, ఏం రంగు? కనబడటం లేదా?
బస్సొచ్చిందిగా.
వెళ్ళి పేరు రాయించుకో."

నేను రిజిస్టరు తెరిచి
పెన్ను మూత తీశాను.